చదివి వినిపించండి సార్

మా చిన్నాయన బొటనవేలికి అంటిన ఊదారంగు సిరా మూడు రోజులు పోలేదు. మా పిన్నమ్మ కొబ్బరి పీచుతో రుద్దింది, కిరసనాయిలు పెట్టి తుడిచింది. "ఏం కాగితం మీద వేశావు చిన్నాయనా?" అని నేనడిగితే, "ఏమోమ్మా, కాయితం. ఎయ్యమన్నారు, ఏశా" అన్నాడు. అందులో ఏం రాసుందో ఆయనకు చదివి చెప్పినవాళ్లు లేరు. చెప్పమని ఆయనా అడగలేదు. స్టేషన్లో సగం రాత్రి నేలమీద కూర్చున్న మనిషి, ఒళ్లంతా దెబ్బలున్న మనిషి, ఏమని అడుగుతాడు?

ఇది 2024 నవంబరులో మా ఇంట్లో జరిగింది. తర్వాత మేం అట్రాసిటీ కేసు, అంటే ఎస్సీ, ఎస్టీల మీద దాడులను అడ్డుకునే చట్టం కింద కేసు పెట్టాం. అది ఇప్పుడు నెల్లూరులో కోర్టు దాకా వచ్చింది. మా చుట్టుపక్కల కాలనీల నుంచి "అక్కా, మొదట ఎక్కడికి పోవాలి, ఏం రాయాలి" అని ఫోన్లు వస్తుంటాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కోవూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఎస్టీ కాలనీ. నలభై ఇళ్ల దాకా ఉంటాయి. మేం యానాదులం. మగవాళ్లు రొయ్యల గుంటల మీద కాపలాకు పోతారు, కోతలప్పుడు పొలాలకు, మిగతా రోజుల్లో కాలవల్లో చేపలకు. చేలో ఎలుకలు పడితే ఊరివాళ్లు పిలిచేది మమ్మల్నే. ఊళ్లో ఏదైనా వస్తువు పోతే మొదట వెతికేది కూడా మా ఇళ్లే. నేను డిగ్రీ చదివి నెల్లూరులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర పని చేస్తున్నాను. మా కాలనీలో డిగ్రీ దాకా వచ్చింది నాతో కలిపి ఇద్దరమే.

చిన్నాయన ఒక రొయ్యల గుంట దగ్గర నాలుగేళ్లుగా కాపలా ఉన్నాడు. నెలకు తొమ్మిది వేలు, ముందుగా తీసుకున్న అడ్వాన్సు ముప్పై వేలు. గట్టు మీదే గుడిసె, రాత్రుళ్లు అక్కడే పడక. ఒక గురువారం తెల్లవారుజామున చూస్తే గుంట నీళ్లకు గాలి అందించే రెండు ఏరేటర్ మోటార్లు లేవు. ఆయనే పరిగెత్తుకుంటూ పోయి యజమానికి చెప్పాడు. యజమాని మరో ఇద్దరిని వెంటేసుకుని వచ్చి, చిన్నాయనను కరెంటు స్తంభానికి కట్టేసి, నీళ్ల పైపు ముక్కతో కొట్టాడు. కులం పేరు పెట్టి తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. అప్పటికి మేత దించడానికి వచ్చిన ఆటో డ్రైవరు, ఇద్దరు కూలీలు గట్టు మీదే ఉన్నారు.

మధ్యాహ్నానికి స్టేషన్ నుంచి జీపు వచ్చింది. ఎవరి కోసమనుకున్నారు? చిన్నాయన కోసం, మా కాలనీలో ఇద్దరు కుర్రాళ్ల కోసం. ఆ కుర్రాళ్లు అంతకుముందు రాత్రి ఆ గుంట వైపే పోలేదు. పిన్నమ్మను కూడా రమ్మన్నారు. రాత్రి పదకొండింటికి అందరినీ వదిలేశారు, ఆ వేలిముద్ర తీసుకుని. ఆడవాళ్లను విచారణ పేరుతో స్టేషన్‌కు పిలవకూడదని, వాళ్లుండే చోటికే పోయి అడగాలని చట్టంలో ఉంది. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. తెలిసుంటే పిన్నమ్మను పోనిచ్చేదాన్ని కాదు.

మరుసటి రోజు పొద్దున నేను ఊరికి వచ్చి చిన్నాయన వీపు చూశాను. పైపు పడిన చోటల్లా వేలి మందాన కమిలి ఉంది. ఆటో మాట్లాడుకుని నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఇది చాలా ముఖ్యం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికి వస్తే దెబ్బలకు సాక్ష్యం ఉండదు. పెద్దాసుపత్రిలో "ఎవరో కొట్టారు" అని చెబితే డాక్టరు ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే దెబ్బల చీటీ రాస్తాడు, అక్కడి పోలీసు అవుట్‌పోస్టు వాళ్లు వచ్చి మాట రాసుకుని మన స్టేషన్‌కు పంపుతారు. చిన్నాయన మొదట "జారి పడ్డా" అని చెప్పబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాక నిజం చెప్పాడు.

ఆ సాయంత్రమే మా మండలం స్టేషన్‌కు పోయి నా చేత్తో రాసిన ఫిర్యాదు ఇచ్చాను. అక్కడి ఆఫీసరు అది సగం చదివి పక్కన పెట్టాడు. "ముందు మోటార్ల సంగతి తేలనీ. మీవాళ్లు తీశారో లేదో మేం విచారించాలి కదా. ఈలోపు పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి" అన్నాడు. నేను రసీదు అడిగితే "చదువుకున్నావు గదా, నీకు అన్నీ తెలుసనుకుంటున్నావా" అన్నాడు. నన్ను నువ్వు అని పిలిచాడు, చిన్నాయనను "ఏరా" అన్నాడు. మా తర్వాత వచ్చిన ఒక ఊరి పెద్దకు కుర్చీ వేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కోపం కన్నా టెన్షన్ ఎక్కువ. దొంగతనం కేసు మా కుర్రాళ్ల మీద పెడితే? చిన్నాయన మీద కౌంటర్ కేసు వేస్తే? మా షాపులో పనిచేసే ఒకమ్మాయి వాళ్ల బంధువుల ద్వారా ఒక లాయరు నంబరు ఇచ్చింది. ఆ లాయరమ్మ ఫోన్లో పావుగంట మాట్లాడి నాకు మూడు సంగతులు చెప్పింది. అట్రాసిటీ చట్టంలో 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. మోటార్లు ఎవరు తీశారన్నది వేరే కేసు, మనిషిని కట్టేసి కొట్టడం వేరే కేసు. ఇక మూడోది, నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకుంటే, సంతకం తీసుకునే ముందు దాన్ని చదివి వినిపించి తీరాలి. ఇది అదే చట్టం నాలుగో సెక్షన్లో ఉంది. బాధ్యతను కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చని కూడా అందులోనే ఉంది.

చదివి వినిపించాలి. ఈ మాట విన్నాక నాకు చిన్నాయన బొటనవేలు కళ్లముందు నిలిచింది.

శనివారం 14566కు ఫోన్ చేశాను. అది ఎస్సీ, ఎస్టీల మీద జరిగే దాడుల గురించి చెప్పుకోవడానికి ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు, వివరాలు తీసుకుని నంబరు ఇచ్చారు. సోమవారం నెల్లూరులో ఎస్పీ ఆఫీసుకు పోయాం. ప్రతి సోమవారం అక్కడ అర్జీలు తీసుకుంటారు. పొద్దున తొమ్మిదికల్లా పోయి వరసలో నిలబడ్డాం. అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్న మహిళా కానిస్టేబుల్ చిన్నాయనను చూసి "కూర్చోండి పెద్దాయనా" అని బెంచీ చూపించింది. ఆయన కూర్చోలేదు. ఇంకోసారి చెప్పినా కూర్చోలేదు. ఆఖరికి ఆమె లేచి వచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నా అర్జీకి రసీదు ఇచ్చారు, లోపల అధికారి ఐదు నిమిషాలు విన్నారు, మా ముందే ఎవరికో ఫోన్ చేశారు.

ఆ సాయంత్రం ఆరున్నరకు అదే స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ అయింది. కాపీ ఉచితంగా ఇచ్చారు. అందులో కొట్టినందుకు, నిర్బంధించినందుకు ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహిత సెక్షన్లు, కులం పేరుతో తిట్టి అవమానించినందుకు అట్రాసిటీ చట్టంలో 3(1)(ఆర్), 3(1)(ఎస్), కొట్టినదానికి అదే చట్టంలో 3(2)(వీఏ) వేశారు. గురువారం జరిగితే సోమవారం సాయంత్రం. ఈ నాలుగు రోజులు ఎందుకు పట్టాయని రేపు కోర్టులో అవతలి లాయరు అడుగుతాడు. అందుకే ఆసుపత్రి చీటీ, 14566 వాళ్లిచ్చిన నంబరు, ఎస్పీ ఆఫీసు రసీదు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాను. మీరూ దాచండి.

ఈ చట్టం కింద కేసును డీఎస్పీకి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. మూడో రోజు డీఎస్పీ గారు వచ్చారు. ముందు గుంట గట్టు మీదికి పోయి స్తంభం చూశారు, ఫొటోలు, వీడియో తీయించారు. గట్టు మీద ఎవరెవరు ఉన్నారు, తిట్లు ఎవరెవరికి వినపడ్డాయి అని పదేపదే అడిగారు. తర్వాత లాయరమ్మ చెబితే అర్థమైంది. కులం పేరుతో తిట్టిన నేరం నిలబడాలంటే అది నలుగురు చూసే చోట జరిగి ఉండాలి. నాలుగ్గోడల మధ్య ఎవరూ లేనప్పుడు తిడితే ఆ సెక్షన్ నిలవడం కష్టం. మేత దించిన ఆటో డ్రైవరు మా కులం కాదు, మాకు చుట్టమూ కాదు. ఆ గుంటల వాళ్లే అతనికి కిరాయిలివ్వాలి. అయినా "నేను చూశాను సార్, కట్టేసి కొట్టారు" అని చెప్పాడు. ఆ తర్వాత రెండు నెలలు అతన్ని ఆ వైపు ఎవరూ మేతకు పిలవలేదు. ఆయన రుణం మేం తీర్చుకోలేం.

గట్టు మీద నుంచి అందరూ మా కాలనీకి వచ్చారు. వేపచెట్టు కింద మా ఇంటి నులక మంచం వేశాం. డీఎస్పీ గారు ఒక కొసన కూర్చుని రెండో కొసన చిన్నాయనను కూర్చోమన్నారు. ఆయన అడుగుతుంటే చిన్నాయన చెబుతున్నాడు, హెడ్ కానిస్టేబుల్ రాస్తున్నాడు. అంతా అయ్యాక "చదవండి" అన్నారు. హెడ్ కానిస్టేబుల్ నెమ్మదిగా చదువుతూ, "మోటార్ల విషయమై మా ఇద్దరి మధ్య గొడవ జరిగినది" అనే దగ్గరకు వచ్చేసరికి చిన్నాయన చెయ్యెత్తాడు.

"గొడవ కాదు సామీ" అన్నాడు. "గొడవంటే ఇద్దరు పడాల. నేను పళ్లా. నన్ను కట్టేసి కొట్టినారు."

నేను భయపడ్డాను, ఏమంటారోనని. డీఎస్పీ గారు హెడ్ కానిస్టేబుల్ వైపు చూసి, "ఆయన ఎలా చెబితే అలా రాయండి" అన్నారు. ఆ పేజీ మొత్తం తిరగరాశారు. మళ్లీ చదివారు. చిన్నాయన తలూపి, అలవాటుగా బొటనవేలు ముందుకు చాచాడు. "వద్దు పెద్దాయనా. దర్యాప్తులో మేం రాసుకునే వాంగ్మూలం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోకూడదు" అన్నారాయన. చిన్నాయన తన వేలు తానే చూసుకున్నాడు. అప్పుడు నేను ఆ మొదటి రాత్రి కాగితం సంగతి అడిగాను. రాసుకున్నారు, కనుక్కుంటామన్నారు. దాని మీద తర్వాత ఎస్పీ గారికి విడిగా అర్జీ కూడా పెట్టాను. ఆ కాగితం మాత్రం ఈ రోజుకీ మా కంటబడలేదు.

వెళ్లేముందు, వాళ్లతో వచ్చిన ఒక కానిస్టేబుల్ మంచినీళ్లు అడిగాడు. మా పిన్నమ్మ చెంబు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడింది. అతను అందుకుని తాగి, "మాది కప్పరాళ్లతిప్పమ్మా" అన్నాడు. బిట్రగుంట దగ్గర ఎరుకల వాళ్ల సెటిల్మెంటు అది. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టమని ఒకటి తెచ్చారు. పుట్టిన కులాన్ని బట్టే మనిషి దొంగ అని అందులో రాసేశారు. మన జిల్లాలో కావలిలో, కప్పరాళ్లతిప్పలో ఎరుకలవాళ్లను సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించుకునేవారు. "మా తాత పేరు పిలిస్తే పలకడానికి రాత్రిపూట లేచి నిలబడేవాడంట. ఇప్పుడు నేను డ్యూటీలో హాజరు పలుకుతున్నా" అన్నాడతను. ఆ చట్టం 1952లో పోయింది. అది పోవాలని, మా యానాదుల బతుకులు బాగుపడాలని జీవితమంతా పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మన నెల్లూరు వాళ్లే, ఆయనకు 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. చట్టం పోయి డెబ్భై ఏళ్లు దాటినా మోటారు పోతే జీపు మా కాలనీకే ఎందుకు వచ్చిందో, దానికి జవాబు పోలీసు శాఖే చెప్పాలి. అలాంటి కానిస్టేబుళ్లు ప్రతి స్టేషన్లో ఒక్కరైనా ఉంటే మావాళ్లు గడప తొక్కడానికి ఇంత వణికిపోరు. ఇది నా గట్టి నమ్మకం.

తర్వాత జరిగినవి త్వరగా చెబుతాను. కుల ధ్రువపత్రం కావాలన్నారు. చిన్నాయన ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉండటంతో తహసీల్దారు ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగాం. మా కాలనీలో అసలు ఆధారే లేని ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఇలాంటిది జరిగితే ఏ కాగితం చూపిస్తారు? ముందు ఇది సరిచేసుకోండి. నిందితులను అరెస్టు చేయలేదు, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలని చెప్పి నోటీసిచ్చి పంపారు. మా కుర్రాళ్లకు ఏ నోటీసూ లేకుండా జీపు ఎక్కించారు కదా అని నేను అడిగాను. ఎవరూ మాట్లాడలేదు.

రాజీకి మనుషులు వచ్చారు. యాభై వేలిస్తామన్నారు, అడ్వాన్సు ముప్పై వేలు మాఫీ అన్నారు. పిన్నమ్మ రెండు రోజులు మెత్తబడింది. నేనామెను తప్పు పట్టను, ఇంట్లో పని పోయింది, చిన్నాయన నడుము వంచలేకపోతున్నాడు. ఆ అడ్వాన్సు గురించి కూడా డీఎస్పీ గారే చెప్పారు. బాకీ తీరేదాకా కదలకూడదని పని చేయించుకుంటే అది వెట్టిచాకిరీ, 1976 చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు, ఆర్డీవోకు అర్జీ పెట్టుకోమన్నారు. బాకీ లేదని తెలిసిన రాత్రి పిన్నమ్మే "రాజీ వద్దులే" అంది.

పరిహారం ఇలా ఉంటుంది. మా కేసులో లక్ష రూపాయలన్నారు. ఎఫ్‌ఐఆర్ అయినప్పుడు నాలుగో వంతు, ఛార్జిషీటు వేశాక సగం, శిక్ష పడితే మిగతాది. తక్షణ సాయం ఏడు రోజుల్లో అందాలని రూలు. మాకు మొదటి పాతిక వేలు నాలుగో నెలలో పడ్డాయి. ఛార్జిషీటు అరవై రోజుల్లో వేయాలి, డెబ్భై ఆరో రోజున వేశారు. ఆలస్యమైతే ఎందుకైందో రాతపూర్వకంగా చెప్పాలని రూలుంది. నేను అడిగాను, ఇచ్చారు.

జనవరి 30న మా కాలనీలో పౌర హక్కుల దినం పెట్టారు. నెలనెలా 30న ఏదో ఒక ఊళ్లో రెవెన్యూ, పోలీసు అధికారులు కలిసి జరపాలి. షామియానా వేశారు, అంటరానితనం నేరమని మాట్లాడారు. నా ఫిర్యాదు పక్కన పెట్టిన ఆఫీసరు కూడా వచ్చాడు, మైకు తీసుకుని చట్టం ముందు అందరూ సమానమే అన్నాడు. నేను లేచి నిలబడి, "సార్, మా కాలనీకి ఇకమీదట జీపు వస్తే, ఎవరిని ఎందుకు పిలుస్తున్నారో కాగితం మీద రాసి, అది చదివి వినిపించి తీసుకుపోతారా?" అని అడిగాను. తహసీల్దారు గారు ఆయన వైపు చూశారు. "అలాగే చేస్తామమ్మా" అన్నాడు. మీరు అని కూడా అన్నాడు. ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయమని పట్టుబట్టాను. రాశారు. ఆ పేజీ ఫొటో నా ఫోన్లో ఉంది.

1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1989లో ఈ అట్రాసిటీ చట్టం రావడానికి కారణమైన ఘటనల్లో అదొకటి. మన పక్కూళ్ల వాళ్ల నెత్తురుతో వచ్చిన చట్టాన్ని మనం స్టేషన్లో పేరెత్తి అడగడానికి భయపడకూడదని లాయరమ్మ నాతో అంది. రాజీకి వచ్చినవాళ్లు గుమ్మంలో కూర్చున్న ప్రతిసారీ ఆ మాటే తలుచుకున్నాను.

మోటార్లు ఎవరు తీశారో ఇంకా తేలలేదు. కేసు నెల్లూరు ప్రత్యేక కోర్టులో నడుస్తోంది. చిన్నాయన ఇప్పుడు కాపలాకు పోవడం లేదు, వలలు అల్లుతున్నాడు.

మొన్న కోర్టు సమన్లు పట్టుకుని ఒక కుర్ర కానిస్టేబుల్ బండి మీద వచ్చాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. అతను కాగితం మడత విప్పి, సిరా డబ్బా మూత తీసి, "ఇక్కడ వేలిముద్ర వెయ్యి తాతా" అన్నాడు. చిన్నాయన వల పక్కన పెట్టి, బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించాడు.

"చదువు నాయనా" అన్నాడు.

అతను నా వైపు చూశాడు. నేనేం మాట్లాడలేదు. తేదీ, కోర్టు పేరు, ఎన్ని గంటలకు రావాలో, మొత్తం చదివాడు. చిన్నాయన తేదీ దగ్గర ఆపి ఇంకోసారి చదివించుకున్నాడు. అంతా విన్నాక పిడికిలి తెరిచాడు.